జహాజ్ వచ్చేదాకా

ఆ సోమవారం పొద్దున తొమ్మిదిలోగా నేను చేయాల్సిన పనులు: పంపు నీళ్లు వచ్చే రోజు గనక డ్రమ్ములన్నీ నింపాలి. అత్తయ్య కళ్లలో రెండు రకాల చుక్కలు, అయిదు నిమిషాల తేడాతో వేయాలి. పాప టిఫిన్ డబ్బా సర్దాలి. ఆయన చొక్కా ఇస్త్రీ. చేపలు కడిగి పసుపు, ఉప్పు రాసి మూత పెట్టాలి. వాన మొదలయ్యేలోగా మేడ మీది బట్టలు తేవాలి. హోటళ్ల బట్టలు ఉతికే ప్రోతరాపూర్ లాండ్రీలో కొత్తగా బిగించిన గ్యాస్ వాటర్ హీటరుకు, వెలిగించే ముందు చేయాల్సిన పద్నాలుగు పరీక్షల కాగితం మీద టిక్కులు పెట్టి సంతకం చేయాలి.

ఆ చివరిది కూడా మిగతా పనుల్లాంటిదే అనుకునేదాన్ని. పొయ్యి దగ్గర నిలబడే చేసేదాన్ని.

మా ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్‌ని నేను. మా నాన్న ఈ దీవి జెట్టీలో ఓడల మూటలు మోశాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, సూపర్వైజరు లైసెన్సు తెచ్చుకున్నాను. ఆ లైసెన్సు ఇప్పుడు గోల్ ఘర్‌లోని మా షాపులో, గాజు ఫ్రేములో, యేసుప్రభువు క్యాలెండరు పక్కన వేలాడుతోంది. షాపు పేరు సంతోషి ఎలక్ట్రికల్స్. "భార్య పేరు బోర్డు మీద రాయించినోడు ఈ బజార్లో ఇంకెవడున్నాడు చెప్పు?" అని మా ఆయన ప్రసన్న కుమార్ చర్చి మెట్ల మీద అందరి ముందూ అంటారు. అందరూ నన్ను చూసి నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ షాపు కుర్చీలో నేను కూర్చున్నది ప్రారంభోత్సవం రోజున, ప్రార్థన అయ్యేంతసేపు. పాప పుట్టినప్పుడు, "కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండు, తర్వాత సైట్లకి వద్దువుగాని" అన్నారు. పాపకిప్పుడు తొమ్మిదేళ్లు. సైటుకి వెళ్లేది ఆయన, షాపు హెల్పరు నాగబాబు. కాగితం మాత్రం ఇంటికొస్తుంది. ఫేజు, న్యూట్రలు తారుమారు కాలేదు కదా? టిక్కు. ఎర్తు సరిగా ఉందా? టిక్కు. గొట్టాల జాయింట్ల మీద సబ్బునీళ్లు పోస్తే బుడగలు రావడం లేదు కదా? టిక్కు, ఈలోగా అటువైపు దోసె తిప్పడం. మంట ఆరితే గ్యాసు దానంతటదే ఆగుతోందా? టిక్కు. ఒకసారి, "నేను చూడకుండా ఎలాగండీ?" అన్నాను. అత్తయ్య గదిలోంచే జవాబు వచ్చింది: "మొగుడి మాట మీద నమ్మకం లేని చదువు దేనికమ్మా?"

ఆ రోజు టిక్కులన్నీ పెట్టాను. సంతకం పెట్టబోతుంటే పంపు ఆగిపోయే చప్పుడైంది, నీళ్లకి పరిగెత్తాను. ఆయన కాగితం మరిచి వెళ్లిపోయారు. పదింటికి ఫోను. "సంతోషీ, సంతకం పెట్టి కాగితం పట్టుకుని బస్సెక్కు. మేనేజర్ లోకనాథం గారు ఎదురు చూస్తన్నారు. జల్దీ." చేపల మీద మూత పెట్టానో లేదో కూడా చూసుకోకుండా మా బతు బస్తీలో బస్సెక్కాను. సంతకం మళ్లీ మరిచిపోయాను.

లాండ్రీ వెనక షెడ్డులో రెండు హీటర్లు ఉన్నాయి, పాతదీ కొత్తదీ. పాతది క్రిస్మస్‌కి ముందు మేమే బిగించింది. ఆయనా నాగబాబూ బయట సిలిండర్ల దగ్గరున్నారు. షెడ్డులో ఒకామె తువ్వాళ్ల గుట్ట మడత పెడుతోంది. యాభై ఏళ్లుంటాయి. రెండు కనుబొమలూ కాటుకతో గీసుకుంది. ఒకటి చెమటకి కరిగి చెవివైపు జారింది.

"ఏటలా సూస్తన్నావు దీదీ?" అని నవ్వింది. "నా పేరు ఎరుకమ్మ. మేకప్ బాగుందా? ఈ మిషను ముట్టించీది నానే. పొద్దున్నే ఒక్కోపాలి బుస్సుమంటాది. మొదటిపాలి ఎదురుగా నిలబడిపోనాను, కనుబొమ్మలు పోనాయి. ముందు జుట్టూ పోనాది. ఇప్పుడు గోడకి ఆనుకుని సెయ్యి మాత్రం సాపుతాను. బస్, ఆదత్ అయిపోనాది, అలవాటే."

"మేనేజరుకి చెప్పలేదా?"

"సెప్పకేటి? సాబ్ కాయితం తీసి సూపించాడు. సదువుకున్న మేడమ్ అంతా పరీచ్చ సేసి సంతకం ఎట్టింది, మిషను తప్పు కాదు, నీ సెయ్యి తప్పు అన్నాడు. నిజమే గావాల. సదువుకున్నావిడ అబద్దమెందుకాడతాది?"

నా చేతిలో ఉన్నది అలాంటి కాగితమే. ఒక్కసారిగా నాకు ఇంటికి పారిపోవాలనిపించింది. అత్తయ్య కంటిచుక్కలు, మూత లేని చేపలు, మేడ మీది బట్టలు, అన్నీ కలిసి నన్ను రమ్మని పిలుస్తున్నట్టే ఉంది. ఎన్నేళ్లుగానో అవే నాకు సాకు. ఈసారి మాత్రం వెళ్లలేదు.

బయటికెళ్లి, "నాగబాబూ, స్క్రూడ్రైవరివ్వు," అన్నాను.

ఆయన తల తిప్పి చూశారు. "నీకెందుకు? చున్నీకి గ్రీజంటుతాది. కాగితమిచ్చి ఇంటికెళ్లు. అమ్మ ఒక్కతే ఉంది."

ఇచ్చే ముందు నాగబాబు ఆయన మొహం చూశాడు, నా మొహం చూశాడు. ఇచ్చాడు.

మెయిన్ ఆపించి పాత హీటరు మూత విప్పాను. లోపల ఒక చిన్న స్విచ్చు ఉంటుంది. బ్లోయరు గాలి సరిగా కొడితేనే అది కలుస్తుంది, అది కలిస్తేనే గ్యాసు తెరుచుకుంటుంది. పెట్టెలో మిగిలిపోయిన గ్యాసును గాలి బయటికి నెట్టకుండా మంట రాకూడదని ఆ ఏర్పాటు. ఆ స్విచ్చు రెండు కొసలనూ కలుపుతూ బెత్తెడు ఎర్ర వైరు కనిపించింది. అంటే స్విచ్చు ఉన్నా లేనట్టే.

"జంపర్ ఎందుకు పెట్టావు?"

"స్విచ్చు ఖరాబ్ భాభీ. మాటిమాటికీ మిషను ఆపేస్తాది. కొత్తది చెన్నై నుంచి రావాల. జహాజ్ వచ్చేదాకా అని భయ్యా చెప్తే..."

జహాజ్ వచ్చేదాకా. మా దీవుల్లో సగం సంసారాలు ఆ మాట మీదే నడుస్తాయి. రేకుకి తీగ, మిక్సీకి రబ్బరు బ్యాండు, ఓడ వచ్చేదాకా. ఓడ వస్తుంది, పోతుంది, తీగ అలాగే ఉంటుంది.

సిలిండర్ల దగ్గర గ్యాసు కట్టేయించి బ్లోయరొక్కటీ తిప్పించాను. దాని ఒంటి మీద బాణం గుర్తు కుడివైపుకి ఉంది, అది ఎడమకి తిరుగుతోంది. మోటారుకిచ్చిన మూడు ఫేజుల్లో రెండు తారుమారయ్యాయి. తిరుగుతుంది, చప్పుడూ చేస్తుంది, గాలి మాత్రం చాలదు. స్విచ్చు చెడిపోలేదు. నిజం చెబుతోంది. వీళ్లు దాని నోరు కట్టేశారు.

మళ్లీ మెయిన్ ఆపించి రెండు వైర్లు అటూ ఇటూ మార్చాను. ఎర్ర వైరు పీకేశాను. పది నిమిషాలు. ఏ జహాజూ ఏమీ తేనక్కరలేదు. ఏడు నెలల కిందట నేనొక్కసారి బస్సెక్కి వస్తే సరిపోయేది.

కొత్త హీటరు మూత విప్పితే అందులోనూ అదే ఎర్ర వైరు, బ్లోయరు అదే తిరుగుడు. దాన్నీ సరిచేసి, పద్నాలుగు పరీక్షలూ రెండింటికీ మొదటి నుంచి చేశాను. మంట వెలిగించి, గ్యాసు కట్టేసి, వాల్వు దానంతటదే మూసుకోవడం చెవితో విన్నాను. ఫోను ఆరుసార్లు మోగింది. ఎత్తలేదు.

"చలో, బాగైంది కదా," అన్నారు ఆయన, లోకనాథం గారి వైపు నవ్వుతూ. "మా ఇంజనీరమ్మ. సంతకం పెట్టెయ్."

పెట్టాను. తర్వాత లోకనాథం గారిని అడిగాను, "పాత హీటరు కాగితం ఒకసారి ఇస్తారా సార్?" ఫైల్లోంచి తీసిచ్చారు. పద్నాలుగు టిక్కులు, కింద నా గుండ్రటి అక్షరాలు, మూలన పసుపు వేలిముద్ర. దాని మీద అడ్డంగా రాశాను: 'ఈ పరీక్షలు నేను చేయలేదు. చూడకుండా సంతకం పెట్టాను.' కింద ఈ రోజు తారీఖు, సంతకం.

ఆయన నా మోచెయ్యి పట్టుకుని గోడవారకు లాగారు. గొంతు తగ్గించి, "పిచ్చా? ఇది పైకెళ్తే లైసెన్సు పోతాది. షాపు మూసుకోవాల. పాప ఫీజు నువ్వు కడతావా?"

"పోతే పోనీయండి. ఉంటే మాత్రం అది నా చేతిలో ఉంటుంది. సాయంత్రం షాపుకొచ్చి ఫ్రేము దించుకుంటాను."

ఎరుకమ్మ దగ్గరికెళ్లాను. "ఆ మేడమ్‌ని నేనే," అన్నాను.

మడత పెడుతున్న తువ్వాలు ఆమె చేతుల్లో ఆగింది. క్షమిస్తుందనుకున్నాను కాబోలు, నాలో ఎక్కడో. తిడుతుందని కూడా అనుకున్నాను. రెండూ చేయలేదు. ఆ తువ్వాలు గుట్ట మీద పెట్టి, "మరప్పుడెందుకు సూడ్లేదు దీదీ?" అంది.

బస్సులో కూర్చున్నా, చేపలు పాడైపోయాయని అత్తయ్య అరుస్తున్నా, ఫ్రేము గాజు తీసి లైసెన్సు నా బ్యాగులో పెట్టుకుంటున్నా, ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే ఉన్నాను. నా దగ్గర ఉన్నవన్నీ సాకులే.

ఇది చదివే మీరు ఎప్పుడైనా మా దీవులకొచ్చి, ఏ హోటల్లోనో స్నానం చేసి, తెల్లటి వెచ్చని తువ్వాలుతో మొహం తుడుచుకుంటే, నన్ను తలుచుకోనక్కరలేదు. ఏడు నెలలు గోడకానుకుని, మొహం పక్కకి తిప్పి, నా సంతకాన్ని నమ్మి చెయ్యి చాపిన ఎరుకమ్మను గుర్తుపెట్టుకోండి.