గ్లిజరాల్ కలిపిన తిండి

ల్యాబులో ఆమెను అందరూ వంటక్క అనేవాళ్లు. క్షయ క్రిములకు తిండి కలిపే పని ఆమెది. పొడిని నీళ్లలో కరిగించి, కాస్త గ్లిజరాల్ అనే తియ్యటి జిగట ద్రవం పోసి, ఆవిరిలో ఉడికించి సీసాల్లో నింపేది. ఇంట్లో ఉప్పు ఎక్కువైతే తిట్లు పడతాయి గానీ, ఈ చుట్టాలు ఏం పెట్టినా వంక పెట్టకుండా తింటాయని నవ్వేది. పదహారేళ్లుగా చెయ్యి తిరిగిన పని. గ్లిజరాల్ ఎందుకని ఆమె ఎవరినీ అడగలేదు. ఆమెకు పని నేర్పినవాళ్లూ అడిగి ఉండరు.

ఆమె తమ్ముడు దర్జీ. రెండేళ్లుగా క్షయతో ఆసుపత్రి మంచం మీదే ఉన్నాడు. వాడి ఒంట్లోని క్రిములు ఏ మందుకూ లొంగడం లేదు. ఇప్పుడిచ్చే మాత్రలు రోజులు పొడిగించడానికేనని డాక్టరు ఆమెతో చెప్పేశాడు. వాటివల్ల కడుపులో తిప్పు, అరికాళ్లలో మంట. మానేస్తానని వాడిది రోజూ గొడవ.

అలాంటప్పుడు ల్యాబులో కొత్త మందు తయారైంది. ఆమె సీసాల్లో ఒక్క చుక్క వేస్తే చాలు, క్రిములు పిట్టల్లా రాలిపోయాయి. ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ సాయంత్రమే తమ్ముడి దగ్గరికి పరుగెత్తింది.

"ఒరేయ్, మందు దొరికిందిరా! అది వచ్చేదాకా ఈ మాత్రలు మింగుతూ ఉండు, చాలు."

వాడు నోరు మూసుకుని మింగడం మొదలుపెట్టాడు.

ఆరు నెలల తర్వాత ఒక పొద్దున పెద్ద మేడమ్ ఆమెను గదిలోకి పిలిచింది.

"ఎలుకల మీద మందు పనిచేయలేదమ్మా. సీసాల్లో చావకుండా మిగిలిన క్రిముల జన్యువులు చదివించాం. అన్నింట్లోనూ ఒకటే పాడైంది, గ్లిజరాల్‌ని అరిగించే ఎంజైము జన్యువు."

"అంటే?"

"మన మందు పడ్డాక గ్లిజరాల్ తిన్నవే చచ్చాయి, తినలేనివి బతికాయి. ఆ తిండే విషమైంది. ఊపిరితిత్తుల్లో అవి కొవ్వు తిని బతుకుతాయి. అక్కడ గ్లిజరాల్ ఎక్కడిది?"

"నేను అది పోయకపోయుంటే?"

"ఇది మందే కాదని మొదటి రోజే తెలిసేది. నీ తప్పేం లేదు, ఎప్పటినుంచో అందరూ పోసేదే."

తప్పు ఎవరిదైతేనేం? ఆమెకు మేడమ్ మీద కోపం రాలేదు, ఆ క్రిముల మీద వచ్చింది. ఇన్నేళ్లు కూర్చోబెట్టి మేపితే ఇంత ద్రోహమా అనుకుంది. తర్వాత తమ్ముడికి ముందే చెప్పేసిన తన నోటి మీద వచ్చింది.

సాయంత్రం వార్డుకు వెళ్లేసరికి తమ్ముడు మాత్రలు గుప్పెట్లో పోసుకుని కూర్చున్నాడు.

"ఏమక్కా, మీ మందు ఎంతవరకు వచ్చింది?"

నిజం చెప్పడానికే నోరు తెరిచింది. చెబితే వాటిని అక్కడే పారేస్తాడు. చెప్పకపోతే రాని మందు కోసం ఈ నరకం పడతాడు.

"ఇంకో రెండు నెలలు పట్టేట్టుందిరా."

"రెండు నెలలేగా! ఓర్చుకుంటాలే."

ఒక్కొక్కటే మింగసాగాడు. ఆరోది వాంతిలో వచ్చేసింది. వాడు మూతి తుడుచుకుని, ఇంకోటి ఇమ్మని చెయ్యి చాచాడు. ఆమె ఇచ్చింది.