రెండువందల అడుగుల ఖాళీ స్థలం

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి వంటింటి కిటికీలోంచి చూస్తే, కార్పొరేషన్ మనుషులు నలుగురు ఎదుటి స్థలంలో గుంజలు పీకుతున్నారు. ఒక గుంజకి సగం పేనిన తాడు ఇంకా కట్టే ఉంది. దాని రెండో కొస పట్టుకుని, తాళ్ళు పేనేవాళ్ళలో పెద్దావిడ, అందరూ పురి పెద్దమ్మ అని పిలిచే ఆవిడ నిలబడింది. వాళ్ళు లాగారు. ఆవిడ వదల్లేదు. బోర్లా పడింది. పురి విడిపోయి నారంతా ఆవిడ చుట్టూ చెదిరింది. లేచాక చూస్తే కుడి మణికట్టు వేలాడుతోంది. ఇక్కడ పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

మా ఫ్లాట్లు లేవకముందు నుంచీ ఆ నేల మీద పదకొండు కుటుంబాలు తాళ్ళు పేనుతున్నాయి. ఒకరు చక్రం తిప్పుతారు. ఇంకొకరు నడుముకి నార చుట్టుకుని, వేళ్ళతో కొద్దికొద్దిగా వదులుతూ వెనక్కి నడుస్తారు. ఎంత దూరం నడిస్తే అంత తాడు. అందుకే వాళ్ళకి రెండువందల అడుగుల తిన్నని నేల కావాలి, మధ్యలో రాయి కూడా ఉండకూడదు. అలాంటి నేల మాలాంటివాళ్ళ కంటికి ఖాళీగా కనిపిస్తుంది. వాళ్ళకది కార్ఖానా.

సర్వేవాళ్ళు వచ్చిన రోజు వీళ్ళే పని ఆపి, గుంజలు తీసి పక్కన పెట్టారట. పెద్దవాళ్ళు ఏదో కొలుచుకుంటున్నారు, అడ్డమెందుకని. టేపు చాలకపోతే కొలవడానికి తాడు కూడా ఇచ్చారట. ఫొటోల్లో స్థలం శుభ్రంగా, నున్నగా వచ్చింది.

ఇక నా సంగతి. మా ఫ్లాట్ల సంఘానికి కార్యదర్శి మా వారు. కార్యదర్శిగారి దస్తూరీ ఎవరికీ అర్థం కాదు, కార్యదర్శి భార్యది ముత్యాల్లా ఉంటుంది. సంఘం చాలావరకు ఆ పద్ధతిలోనే నడుస్తుంది. పిల్లలు ఆడుకోవడానికి, పెద్దలు నడవడానికి పార్కు కావాలని అర్జీ రాసింది నేనే. ‘ఎదుట నిరుపయోగంగా పడి ఉన్న ఖాళీ స్థలం’ అని రాశాను. రోజూ కిటికీలోంచి వాళ్ళని చూస్తూనే రాశాను. దీనికి నా దగ్గర సంజాయిషీ లేదు. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పమన్న నోటీసు మా లిఫ్టు పక్కన అంటించారు. మాకు అభ్యంతరాలేమీ లేకపోయాయి.

గుంజలు పీకిన రోజు సాయంత్రం పార్కుల అధికారి స్థలానికి వచ్చాడు. నేనూ కిందికి దిగాను. ఊరి చివర ఒక హాలు ఇస్తామన్నాడు, అరవై అడుగుల పొడవట. అరవై అడుగుల తాడు ఎవరిక్కావాలని పెద్దమ్మ కోడలు అడిగింది. పార్కులో నడకబాట వేస్తున్నాం, అది అందరిదీ, మీరూ నడవొచ్చన్నాడాయన.

“రోజుకి పది మైళ్ళు నడుస్తున్నాం సార్,” అంది కోడలు. “ఒళ్ళు తగ్గడం మాకు సమస్య కాదు.”

అప్పుడాయన ఫైలు తెరిచి, స్థానికులే కోరారంటూ నా వాక్యం గట్టిగా చదివాడు. నా రాత అంత స్పష్టంగా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

ఆయన వెళ్ళాక అక్కడే కూర్చుని వాదించుకున్నారు. హాలు తీసుకుని బతుకుదామని కొందరు, ఒకసారి కదిలితే చివరిదాకా కదుల్తూనే ఉంటామని కొందరు. ఒకాయన ఫ్లాట్లవాళ్ళ కాళ్ళు పట్టుకుందామన్నాడు. నేను లేచి నిలబడి, ఆ అర్జీ రాసింది నేనేనని చెప్పాను.

కోడలే అంది, “మంచినీళ్ళు తాగినట్టు రాసేశావు కదక్కా.”

కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “ఏడవకమ్మాయ్, ఏడిస్తే మేం ఓదార్చాలి. అంత తీరిక లేదు. రాసిన చెయ్యి బాగానే ఉందిగా, మళ్ళీ రాయి.”

రాశాను. కోరినవాళ్ళే వద్దనడం నిబంధనల్లో లేదని ఆఫీసులో తిప్పి పంపారు. మా వారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

నాలుగో రోజు కంచె వేయడానికి వచ్చారు. వెంట పోలీసు వ్యాను. అప్పటికే గుంజలు మళ్ళీ పాతేశారు. పదకొండు కుటుంబాలూ, వాళ్ళ దగ్గర తాళ్ళు కొనే కూలీలూ దిగారు. ఈ కొస నుంచి ఆ కొసకి నడుమెత్తున తాళ్ళు సాగుతున్నాయి. వాటిని తెంచకుండా లోపలికి పోవడానికి లేదు. కాంట్రాక్టరు కత్తి తీసి తన కూలీ చేతికిచ్చాడు. కిందటేడు మా అయిదంతస్తులకీ రంగు వేసిన మనిషే ఆ కూలీ.

అతను తాడుని వేళ్ళతో నలిపి చూశాడు. “దీన్నే నడుముకి కట్టుకుని మీ గోడలకి వేలాడాను,” అన్నాడు. “ఇది నేను కొయ్యను. మీరు కొయ్యండి.”

కాంట్రాక్టరు బూతులు తిట్టాడు. మిగతా కూలీలూ గడ్డపారలు కింద పెట్టారు. పోలీసులు దిగారు. మొదట రంగులాయన్ని తోశారు, తర్వాత కోడల్ని జుట్టు పట్టి లాగారు. కత్తి ఒక పోలీసే తీసుకుని తాళ్ళు కోశాడు. ఒక్కో తాడు తెగినప్పుడల్లా దాన్ని పట్టుకున్నవాళ్ళు వెల్లకిలా పడ్డారు.

పడ్డవాళ్ళని లేపి వ్యానులోకి ఎక్కిస్తుంటే నేనూ వెళ్ళి ఎక్కాను. ఇన్‌స్పెక్టరు మర్యాదగానే చెప్పాడు, “మీరు ఫ్లాట్లవాళ్ళు మేడం, మీకోసమే కదా ఇదంతా. దిగండి.”

“నాకోసమే కాబట్టి కేసులో నా పేరు ముందు రాయండి. అక్షరాలు తప్పు పోతే నేనే రాసిస్తాను.”

వ్యాను కిక్కిరిసిపోయింది. తలుపు పడటం లేదు. బయట పెద్దమ్మ వెనక ఇంకా డెబ్భైమంది, తమనీ ఎక్కించుకోమని వరుసగా నిలబడి ఉన్నారు. మా మూడో అంతస్తు టీచరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని ఆ వరుస చివరికి వచ్చి చేరింది. చూసిపోవడానికి వచ్చిందో, ఎక్కడానికి వచ్చిందో ఆవిడకే తెలియాలి. వరుసలో మాత్రం నిలబడింది.

“ఇంకో బండి పిలిపించు బాబూ,” అంది పెద్దమ్మ ఇన్‌స్పెక్టరుతో. “ఇంకా రెండు పట్టేట్టున్నాయి.”

ఆయన ఫోనులో అడుగుతున్నాడు. బండ్లు రావడానికి గంట పడుతుందన్నారు కాబోలు, విసుక్కున్నాడు. అటు మూల కాంట్రాక్టరు ఒంటరిగా, తనే గడ్డపార పట్టి కంచెకి మొదటి గొయ్యి తవ్వుకుంటున్నాడు.

వ్యాను జాలీలోంచి నాకింత వరకే కనిపించింది: పెద్దమ్మ ఎడం చేత్తో చక్రం తిప్పడం మొదలుపెట్టింది. వరుసలో ముందున్నామె నడుముకి నార చుట్టుకుంది.