చలిలో మాత్రమే కారే అతుకు

మా బడి పంతులు పదార్థానికి మూడు స్థితులని చెప్పి, ఒప్పజెప్పలేనివాడికి మూడు దెబ్బలు వేసేవాడు. ఘనం, ద్రవం, వాయువు. వాటితోనే సరిపెట్టుకుని బతికాను. ఈ ప్రయోగశాలలో ఫిట్టరుగా చేరాక నాలుగోది, ఐదోది అంటూ కొత్తవి పట్టుకొచ్చారు. వాటిలో నా ప్రాణం తోడేసింది సూపర్‌ఫ్లూయిడ్.

అది బెలూన్లలో నింపే హీలియమే. విపరీతంగా చల్లబరిస్తే ద్రవమై కుతకుతలాడుతుంది. ఇంకా చల్లబరిస్తే ఆ ఉడుకు ఒక్కసారిగా ఆగిపోతుంది. పాత్రకున్న కిటికీ అద్దంలోంచి చూస్తే లోపల ఏమీ లేనట్టే ఉంటుంది. అప్పుడు మొదలవుతాయి దాని వేషాలు. గిన్నెలో ఉంచితే గోడెక్కి అవతలికి దిగిపోతుంది. గాలి దూరలేని సందులోంచి కూడా జారిపోతుంది. దానికి జిగట లేదట. సిగ్గూ లేదని నా అభిప్రాయం.

దాన్ని పోసే పాత్ర చుట్టూ ఇంకో పాత్ర ఉంటుంది. రెంటికీ మధ్య గాలి తీసేసిన ఖాళీ. ఆ ఖాళీలోకి చుక్క కారినా లోపలి చలి అంతా పోతుంది. ఆ ఖాళీ గుండా లోపలి పాత్రకు వెళ్ళే రాగి గొట్టాలకు వెండి టంకం పెట్టి అతికింది నేను. ఆరు అతుకులు. నా అతుకు కారిందని ఇంతవరకూ ఎవడూ అనలేదు.

చలిచీమ అంది. పరిశోధన చేసే పిల్ల. మనిషి పిడికెడు, పనేమో చలితో. అందుకని ఆ పేరు.

"బాబాయ్, మళ్ళీ పోయింది."

"ఏం పోయింది?"

"ఉడుకు ఆగగానే ఖాళీ పాడైంది. గేజి ముల్లు చివరిదాకా లేచింది. హీలియం అంతా ఆవిరి."

"నా అతుకుల జోలికి రాకు. నీ వాల్వులు చూసుకో."

"చూశాను."

"మళ్ళీ చూడు."

పాత్ర వేడెక్కేదాకా ఆగి, విప్పి, లీకు పట్టే మిషను తగిలించాం. ఒక్కో అతుకు మీదా హీలియం ఊదాం. లీకుంటే మిషను కూస్తుంది. కూయలేదు. బిగించి చల్లబరిస్తే కారింది. విప్పి చూస్తే లేదు. మళ్ళీ చల్లబరిస్తే మళ్ళీ కారింది. నెలరోజులుగా ఇదే గోల. బిగించలేక, విప్పలేక నా చేతులు పడిపోయాయి. దొంగ ఎదురుగా ఉంటే తన్నొచ్చు. పట్టుకోబోతే పెద్దమనిషైపోయే దొంగని ఏం చేస్తాం?

శుక్రవారం ప్రొఫెసరు గారు వచ్చారు. చలిచీమ మొహం చూసి, మిషను కాగితం చూసి, తల ఊపారు.

"పరీక్షలో ఏమీ లేదమ్మా. నువ్వే ఎక్కడో తొందరపడుతున్నావు. కాస్త విశ్రాంతి తీసుకో."

"తీసుకుంటాను సార్. సోమవారం ఈ పాత్ర వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నారుగా. ఆ తర్వాత జీవితాంతం విశ్రాంతే."

అది నిజమే. మిగిలిన హీలియం ఒక్కసారికే వస్తుంది. ఈసారీ కారితే ఆ పిల్ల నాలుగేళ్ళ చదువు గాలికి పోయినట్టే. ఉత్త చేతులతో ఇంటికెళ్ళాలి.

ప్రొఫెసరు గారు నావైపు తిరిగారు. "మీరేమంటారు?"

"పరీక్షలో ఏమీ లేదండీ" అన్నాను.

నా పరువు దక్కిందని లోపల కాస్త సంతోషం కూడా కలిగింది. చలిచీమ వాదించలేదు. "సరేలే బాబాయ్" అని తన కోటు తీసి మేకుకి తగిలించింది.

ఆ 'సరేలే' నేను విన్నదే. నా భార్యకి రాత్రిళ్ళు పక్కలో పోటు వచ్చేది. మంచం పట్టె గట్టిగా పట్టుకునేది. తెల్లారి ఆసుపత్రికి తీసుకెళ్తే పోటుండేది కాదు. డాక్టరు నొక్కి, "ఇక్కడ నొప్పా?" అనేవాడు. "ఇప్పుడు లేదండీ" అనేది. రిపోర్టులన్నీ బాగున్నాయి, ఏమీ లేదు, మనసు ప్రశాంతంగా ఉంచుకో అన్నాడు. రాత్రి వచ్చి చూడమని అడగాలని నాకు తెలియలేదు. వాడికి తెలియాలి. ఆమె "సరేలెండి" అంది. ఆ తర్వాత ఇక చెప్పడం మానేసింది. ఆ డాక్టరుని నేను క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు. వాడి మాటే ఇప్పుడు నా నోట్లోంచి వచ్చింది.

గొట్టాలు కోసే కత్తెర తీశాను.

"ఏమిటది?" అన్నారు ప్రొఫెసరు గారు.

"కోస్తున్నా."

"మంచి అతుకుల్నా? ఇవి పోయి ఇంకా చెడ్డవి పడితే? హీలియం ఒక్కసారికే ఉంది!"

"మంచివో కావో, అంత చలిలో మీరు లోపలికెళ్ళి చూసొచ్చారా?"

చలిచీమ దగ్గరకొచ్చింది.

"ఏది కోస్తావ్ బాబాయ్?"

"అన్నీ."

"ఐదు బాగానే ఉండుంటాయి కదా."

"ఆ ఆరోది ఏదో నువ్వు చెబుతావా? చెప్పవుగా. దీపం పట్టుకో."

శనివారమంతా అతికాను. రాగిని మెరిసేదాకా రుద్దాను. టంకం చుట్టూ సమంగా పాకేదాకా మంట తీయలేదు. దీపం వణికినప్పుడల్లా ఆ పిల్లని తిట్టాను. కడుపు నిండా తిని రమ్మనీ తిట్టాను.

ఆదివారం ఆఖరి డబ్బా ఒంపాం. కిటికీలో హీలియం కుతకుతలాడింది. పంపు నడుస్తూనే ఉంది. చలిచీమ గేజి ముందు కూర్చుని గోళ్ళు కొరుకుతోంది.

"వేళ్ళు మిగుల్చుకో. రేపు రాసుకోవాలి" అన్నాను.

ఉడుకు ఆగింది. పాత్ర ఖాళీగా ఉన్నట్టు కనబడింది. నేను గేజి వైపు చూడలేదు. గోడ వైపు చూశాను.

"బాబాయ్."

"చెప్పు, ఎంత లేచింది?"

"లేవలేదు."

"ఇంకాసేపు చూడు."

సాయంత్రం దాకా చూసింది. ముల్లు కదల్లేదు. ఏడుస్తూనే కొలతలు తీసుకుంటోంది. కళ్ళు తుడుచుకో, అంకెలు తప్పు పడతాయి అన్నాను.

సోమవారం ప్రొఫెసరు గారు నేను కోసిన ముక్కలన్నీ బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి తిప్పి తిప్పి చూశారు.

"వీటిల్లో ఏమీ కనబడటం లేదే! ఇంతకీ కారిందేది?"

"తెలియదు. ఇక్కడ వెచ్చగా ఉంది కదండీ" అని ముక్కలు తీసి తుక్కు డబ్బాలో పోశాను.