మైంతమ్మ ఎవరు

పొద్దున ఐదింటికి కొమురయ్య బూట్లు లేచి బయటికి పోతాయి. ఆరింటికి తిరిగొస్తాయి. కొమురయ్య పోయి ఏడాది దాటింది గానీ ఆ సంగతి బూట్లకు ఎవరూ చెప్పలేదు. బోధన్ అవతల, చెరుకు తోటల నడుమ ఉన్న ఆ ఊళ్లో పాలాయన బండి పక్కకు తీసి వాటికి దారిస్తాడు. కుక్కలు మొదట్లో రెండు రోజులు మొరిగి ఊరుకున్నాయి. చాయ్ హోటల్ వాళ్లు ఫౌజీ బూట్లు పోవడం చూసే పాలు పొయ్యి మీద పెడతారు.

తిరిగొచ్చిన బూట్లను కొమురయ్య భార్య హన్మవ్వ పాత గుడ్డతో తుడిచి గడప పక్కన పెడుతుంది. పెడుతూ తిడుతుంది.

"ఇంత బురదేంది? సక్కటి రోడ్డుండంగ తడి మళ్ల నుంచే రావాల్నా?"

బతికున్నప్పుడు కొమురయ్య దీనికి జవాబు చెప్పలేదు, బూట్లూ చెప్పవు.

ఇలా బాగానే నడుస్తుండగా కొమురయ్య పెన్షన్ హన్మవ్వ తన పేరు మీదికి మార్చుకోవాల్సి వచ్చింది. ట్రంకుపెట్టె తెరిస్తే కొమురయ్య మిలిటరీ పుస్తకాన్ని చెదలు తినేశాయి, అట్ట మాత్రం మర్యాదగా వదిలాయి. పాత రికార్డుల నకళ్లు తెప్పించుకోవాలని ఎవరో చెప్పారు. నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతూ అవ్వ దగ్గరే ఉండే మనవరాలు రమ్య ఆమెను సైనికుల ఆఫీసుకు తీసుకెళ్లింది.

అక్కడి క్లర్కు రాజేందర్ కూడా ఒకప్పటి హవల్దారే. దరఖాస్తు ముందు పెట్టుకుని అడిగాడు.

"మీ ఆయన పేరు చెప్పవ్వా."

హన్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఇంటాయన."

"పేరవ్వా, పేరు."

"గదే. మా ఇంటాయన."

భర్త పేరు నోటితో అనకపోవడం ఆమెకు యాభై ఏళ్ల అలవాటు. కొమురెల్లి జాతర అనాల్సి వస్తే కూడా మల్లన్న జాతర అని తప్పించుకుంటుంది. చివరికి పేరు రమ్యే చెప్పింది. చెప్పినందుకు ఇంటికి పోయేదాకా అవ్వ చేత మొట్టికాయలు తిన్నది.

మూడు నెలలకు నకళ్లు వచ్చాయి. రాజేందర్ పైకాగితం చూసి తల గోక్కున్నాడు.

"నీ పేరు హన్మవ్వ గదా?"

"అవు."

"ఇండ్ల భార్య పేరు మైంతమ్మ అనున్నది."

హన్మవ్వ కాగితం మీదికి వంగింది. "ఎవరది?" అన్నది చాలా మెల్లగా.

"ఎవరూ కాదు. అప్పట్ల పేర్లు తప్పు వడేటియి. హన్మవ్వ, మైంతమ్మ ఇద్దరూ ఒక్కరే అని అఫిడవిట్ ఇచ్చి వేలిముద్ర వేస్తే అయిపాయె."

"నేను, గది ఒక్కటా?"

"కాయితం మీద."

"కాయితం మీద గూడ దాని పక్కకు కూసోను."

నెలలోపు ఇవ్వకపోతే దరఖాస్తు వాపసు పోతుందని, పెన్షన్ రాదని రాజేందర్ చెప్పాడు. హన్మవ్వ అప్పటికే మెట్లు దిగుతోంది.

ఆ సాయంత్రానికి హన్మవ్వ తలలో మైంతమ్మ తెల్లగా అయింది. మర్నాటికి ఆమెకు పొడుగు జడ వచ్చింది. మూడోనాటికి చపాతీలు గుండ్రంగా చేయడం కూడా నేర్చుకుంది. నలభై ఏళ్ల కింద కొమురయ్య సెలవుల్లో వచ్చి, "పంజాబుల చపాతి దూది లెక్కుంటది" అన్నాడు. అప్పుడు అది చపాతీ గురించే అనుకున్నందుకు హన్మవ్వ ఇప్పుడు తనను తాను తిట్టుకుంది.

పక్కింటి తిరుపతమ్మ పరామర్శకు వచ్చి బియ్యం ఏరుతూ కూర్చుంది.

"మా ముత్తన్న పదేండ్లు దుబాయిల ఉన్నడక్కా. అయినా పాస్‌పోర్టుల నా పేరే ఉన్నది. తిరుపతమ్మ అని, సక్కగ."

"ఉంటది, ఉంటది," అన్నది హన్మవ్వ పళ్లు కొరుకుతూ. "నువ్వు ఏరింది సాలుగాని ఇంటికి వో."

ఇక బూట్ల మీద కన్నుపడింది. ఏడాదిగా రోజూ ఎక్కడికి పోతున్నట్టు? తాళ్లు రెండూ ముడేసి మంచం కోడుకు కట్టింది. తెల్లారి ఐదింటికి బూట్లు మంచాన్ని వాకిలి దాకా లాక్కెళ్లాయి. మంచం మీద నిద్రపోతున్న రమ్య కళ్లు తెరిచి, ఆకాశం చూసి, మళ్లీ పడుకుంది.

మర్నాడు హన్మవ్వ వాటి వెనకే నడిచింది. బూట్లు కాలువ గట్టు ఎక్కి, చెరుకు తోట దాటి, బస్‌స్టేజి దగ్గర నిలబడ్డాయి. బోధన్ నుంచి బస్సొచ్చింది. దిగిన ప్రతి ఆడమనిషినీ ఆమె నిలదీసింది.

"నీ పేరేందమ్మా?"

చెరుకు కొట్టడానికి వచ్చిన ఆడవాళ్లు మరాఠీలో ఏదో చెప్పి నవ్వుకుంటూ పోయారు. వాళ్లలో మైంతమ్మ లేదు. బస్సు కదలగానే బూట్లు వెనక్కి తిరిగి ఇంటి దారి పట్టాయి. ఈసారి తడి మళ్లలోంచి, అడ్డదారిన, వచ్చినదానికంటే వేగంగా.

"ఇయాల రాలేదన్నట్టు," అనుకుంది హన్మవ్వ వెనకాల రొప్పుతూ.

గడువు ఆఖరి రోజున ఆమె నిజామాబాద్ బయల్దేరింది. వేలిముద్రకు కాదు, కొట్లాటకు. రమ్య వెంట వచ్చింది. పిలవకుండానే బూట్లూ వచ్చి బస్సెక్కాయి. కండక్టరమ్మ అవ్వకూ మనవరాలికీ ఆడవాళ్ల ఉచిత టికెట్లు కొట్టి బూట్ల దగ్గర ఆగింది.

"ఇయి మగాయనవి గదా. టికెట్ తీసుకోవాలె."

"సామానే గదక్కా," అన్నది రమ్య.

"సంచిల ఉంటె సామాను. నడిచి ఎక్కినయి."

రమ్య టికెట్ తీసుకుంది.

ఆఫీసులో హన్మవ్వ బల్ల మీద చెయ్యి పెట్టింది. "ఆ మైంతమ్మను పిలిపియ్యి. దాని మొకం జూసినంకనే వేలిముద్ర."

రాజేందర్‌కు ఏం చేయాలో తోచక కాగితాలు పట్టుకుని వాళ్లను పెద్దసారు దగ్గరికి తీసుకెళ్లాడు. పెద్దసారుది నాందేడ్ వైపు, తెలుగు రాదు. గదిలోకి వచ్చిన బూట్లను చూసి లేచి నిలబడ్డాడు. తర్వాత పైకాగితం పక్కన పెట్టి, అడుగున ఉన్న, హిందీలో రాసిన అసలు భర్తీ కాగితం నకలు తీసి, హాజరు పిలిచే గొంతుతో చదివాడు.

నంబరు చదివాడు. బూట్ల మడమలు టక్కుమన్నాయి. ఊరు చదివాడు. టక్. తండ్రి పేరు చదివాడు. టక్.

"పత్నీ కా నామ్," అని భార్య పేరు దగ్గర ఆగి, తెలియని భాషను పట్టి పట్టి చదివేవాళ్లలా ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. "మా... ఇంటా... మె."

రాజేందర్ కలం కిందపడింది. తెలుగొచ్చినవాళ్లందరూ మైంతమ్మ అని చదివిన పేరును, తెలుగు రాని మనిషి సరిగ్గా చదివాడు.

బూట్లు గిరుక్కున తిరిగాయి. నాలుగడుగులు నడిచి, హన్మవ్వ వేళ్లకు కొనలు ఆనేంత దగ్గరగా వచ్చి ఆగాయి. ఈసారి మడమల చప్పుడు గది కిటికీలకు తగిలింది.

"అవ్వా," అన్నాడు రాజేందర్. "భార్య పేరు అడిగితె, నలుగురిల ఎట్ల అంటడు? మా ఇంటామె అన్నడు. రాసెటోనికి తెలుగు రాదు, ఇన్నది ఇన్నట్టు రాసిండు."

హన్మవ్వ బూట్ల వైపు వంగింది. "పేరు చెప్పరాదా నీకు?" అన్నది. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను మాత్రం చెప్పిన్నా."

"అవ్వా, తాత సెలవుల మీద వస్తె ఏడ దిగేది?" అడిగింది రమ్య.

"ఏడనేంది, గా స్టేజి కాడనే. దిగినంక రోడ్డు ఎంబడి రాడు, బురదల వడి..." అంటూ ఆగిపోయింది.

రమ్య బూట్ల అంచున ఎండిన బురద వైపు చూసింది. పెద్దసారు ముక్కు చీదుకున్నాడు. మైంతమ్మ పేరు కొట్టేసి హన్మవ్వ అని మాత్రమే ఉంచేలా రాయమంటారా అని రాజేందర్ అడిగితే, ఆమె గట్టిగా తల అడ్డంగా ఊపింది.

"ఉండనియ్యి సారు. నెల దినాలు తిట్టిన దాన్ని, పాపం."

అఫిడవిట్ మీద రెండు వేలిముద్రలు వేసింది. ఒకటి చాలన్నాడు రాజేందర్. ఒకటి తనదనీ, ఇంకోటి మైంతమ్మదనీ చెప్పింది.

పెన్షన్ ఖాయమైన కబురు కంటే ముందు ఆ పేరు సంగతి ఊరు చేరింది. ఆ సాయంత్రం తిరుపతమ్మ బీరువా తెరిచి మొగుడి పాస్‌పోర్టు తీసింది. భార్య పేరు తిరుపతమ్మ. ఒక్క అక్షరం తప్పు లేదు.

"ఏమైందే?" అన్నాడు ముత్తన్న.

"ఏం గాలే. మంచిగనే రాపిచ్చినవ్, ఆఫీసోని లెక్క."

ఆ పూట కూరలో ఉప్పు లేదు. ముత్తన్న అడగలేదు కూడా.

తెల్లారి ఐదింటికి కొమురయ్య బూట్లు వాకిలి దాటాయి. ఈసారి హన్మవ్వ వెంట వెళ్లలేదు. పొయ్యి మీద చపాతీ వేసి, వాటి రాక కోసం తలుపు బార్లా తెరిచి పెట్టింది. పక్కింట్లో తిరుపతమ్మ కూడా తలుపు తీసి గడప దగ్గర చూసింది. ముత్తన్న చెప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. అటూ ఇటూ చూసి, ఒకదాన్ని బొటనవేలితో రోడ్డు వైపు కొంచెం జరిపింది.