మెల్లగా అన్నాడు

నాలుగేళ్ల తర్వాత తమ్ముడి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. కంప్యూటరు ఆటలో ఆయనకు రెండో చెయ్యి కావాలట, నేను కూర్చుంటానంటే వద్దన్నారు, అన్నయ్యనే పిలవమన్నారు అని మరదలు చెప్పింది. ఒకసారి చెబితే నమ్మడని రెండుసార్లు చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం ఈలన్న గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఆగితే కాళ్లు వెనక్కి తిరుగుతాయన్నట్టు గబగబా నడిచాడు.

రైలు యార్డులో ముప్పై ఏళ్లు నోట్లో ఈల పెట్టుకుని తిరిగిన మనిషి. అందుకే అందరికీ ఈలన్న. తమ్ముడు చిన్నోడు. ఇద్దరిదీ ఒకటే షిఫ్టు. చిన్నోడు వ్యాగన్ల మధ్యకి దూరి కొక్కెం సరిచూసి, బయటికొచ్చి "సరే" అని కేకేసేవాడు. ఆ కేక విన్నాకే ఈలన్న ఇంజను డ్రైవరుకు పచ్చజెండా ఊపాలి. ఒకరోజు పైఅధికారి తొందరపెట్టాడు. కేక రాకముందే జెండా ఊగింది. చిన్నోడి కుడిచెయ్యి మోచేతి దాకా నలిగిపోయింది.

చిన్నోడు సరే అన్నాడా అని విచారణలో అడిగారు. "అన్నాడు సార్. మెల్లగా అన్నాడు. మోతలో మిగతావాళ్లకు వినబడి ఉండదు" అన్నాడు ఈలన్న. తప్పు చిన్నోడి మీద పడింది. చెయ్యీ ఉద్యోగమూ రెండూ అతనివే పోయాయి. అన్నను అతను ఒక్క మాట కూడా అడగలేదు. అసలు మాట్లాడటమే మానేశాడు. ఇవాళ ఒక్కసారి పక్కన కూర్చోనిస్తే చాలు, ఇక ప్రతి ఆదివారం వచ్చి పోవచ్చని ఈలన్న దారి పొడుగునా అనుకున్నాడు.

మరదలే తలుపు తీసింది. "రండి బావగారూ. ఈయన వారం నుంచి ఆకాశంలోనే కాపురం. అన్నానికి మాత్రం కిందికి దిగుతున్నారు."

కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటరు, పక్కపక్కన రెండు కుర్చీలు. చిన్నోడు తల తిప్పకుండానే రెండో కుర్చీ చూపించాడు. వెనక మంచం మీద కూర్చుని మరదలు ఆరిన బట్టలు మడతపెట్టుకోసాగింది.

సంగతేమిటో చిన్నోడు తెరతో చెప్పుకున్నట్టు చెప్పాడు. ఆటలో పైన భూమి చుట్టూ ఒక అంతరిక్ష స్టేషన్ తిరుగుతోంది. ముగ్గురు మనుషులుండే చిన్న నౌకను ముక్కలు బిగించి తనే తయారుచేసి, తీసుకెళ్లి దానికి అతికించాలి. పదకొండుసార్లు వెళ్లాడు. స్టేషన్ మూతికి నౌక మూతి తగులుతుంది, వెంటనే ఎగిరి వెనక్కొస్తుంది. వేగం ఎక్కువైందేమోనని చీమ నడకకు తగ్గించాడు. రెండు మూతుల కొలతలు సరిచూశాడు, ఒకటే. దగ్గరికొస్తే అయస్కాంతం లాగాలి, లాగడం లేదు. ఇంటర్నెట్‌లో జనం చెప్పిన ఉపాయాలన్నీ అయిపోయాయి.

"పక్క నుంచి చూపించు" అన్నాడు ఈలన్న.

చిన్నోడు నౌకను తిప్పి చూపించాడు. ఈలన్న కళ్లు చికిలించి చూశాడు. అంచున సన్నటి కట్టు ఒకటి, స్టేషన్ మూతికి బయటివైపుంది, నౌక మూతికి లోపలివైపుంది. మిగతాదంతా అచ్చం ఒకేలా ఉంది.

"మూతి తిరగేసి బిగించావురా. దాని మొహం లోపలికుంది, వీపు బయటికుంది. వీపుతో ఏం పట్టుకుంటుంది?"

చిన్నోడు దగ్గరగా వంగి చూశాడు. పెదవి చివర కాస్త కదిలింది. "వారం రోజులు" అన్నాడు. వెనక మరదలు పకపకా నవ్వింది. ఆ నవ్వుకు ఈలన్నకు గుండె మీద బరువు దిగినట్టైంది.

కొత్త నౌకకు మూతి సరిగ్గా బిగించి పైకి పంపారు. స్టేషన్‌ను అందుకునేసరికి గంటన్నర పట్టింది. ఈలన్న చేతిలో టీ చల్లారిపోయింది.

మిగిలింది పదడుగుల దూరం. ముక్కు తిప్పే బటన్లు చిన్నోడి ఎడమచేతి కింద ఉన్నాయి. ముందుకు నెట్టే బటన్ ఒకటి అన్నకు చూపించాడు. "ఇది నీది. నేను సరే అన్నాకే నొక్కు."

ఈలన్న దాని మీద వేలు ఆనించి "అలాగే" అన్నాడు.

చిన్నోడు నౌక ముక్కును వెంట్రుకవాసి పక్కకు జరిపి ఆపాడు. తెర మీది గీతలు రెండూ ఒకటయ్యాయి. చిన్నోడు పలకలేదు. మూల ఏదో అంకె పెరుగుతూ తరుగుతూ ఉంది, దానినే చూస్తున్నాడు. ఇంధనం తరిగిపోతోంది. ముప్పై ఏళ్లు ఇదే పని చేసిన కళ్లు, తిన్నగా ఉందని ఈలన్నకు తెలుస్తూనే ఉంది. ఇంకొంచెం ఆగితే పక్కకు ఒరుగుతుంది. ఇంకా ఎందుకు అనడు వీడు?

వేలు నొక్కేసింది.

నౌక జారింది. అయస్కాంతం లాగింది. టక్కుమని అతుక్కుంది.

"పట్టిందిరా" అన్నాడు ఈలన్న, ప్రాణం లేచొచ్చినట్టు.

చిన్నోడు తెర వదిలి అన్న మొహం చూశాడు. చూసి నాలుగేళ్లయింది.

"అదేంటి బావగారూ, ఆయన ఇంకా చెప్పలేదుగా?" అంది మరదలు వెనక నుంచి, మామూలుగానే.

"అన్నాడమ్మా" అన్నాడు ఈలన్న. "మెల్లగా అన్నాడు. నీకు వినబడి ఉండదు."

నోరు దాటాకే ఆ మాట అతని చెవిన పడింది. విచారణ గదిలో కూడా ఇంత తేలిగ్గానే వచ్చింది.

మరదలి చేతిలోని చొక్కా సగం మడతలో ఆగిపోయింది. ఆమె బావగారిని చూడలేదు, భర్తను చూసింది.

"నాలుగేళ్లుగా అడుగుతున్నావుగా" అన్నాడు చిన్నోడు ఆమెతో, "ఆ రోజు నిజంగా సరే అనలేదా, అనేసి మర్చిపోయారేమో అని."

ఆమె కళ్లు దించుకుంది.

"ఒరే, అది కాదురా..." అన్నాడు ఈలన్న.

"మూతి సంగతి చెప్పావు, మంచిది అన్నయ్యా. ఇంక రానక్కర్లేదు."

కూర్చోండని ఎవరూ అనలేదు. ఈలన్న గుమ్మం దగ్గర వంగి చెప్పులు వెతుక్కుంటూ లోపలికి చూశాడు. చిన్నోడు అతుక్కున్న నౌకను విడదీసి వెనక్కి లాగుతున్నాడు. మరదలు బట్టలు మంచం మీదే వదిలేసి వచ్చి, ఇందాక ఈలన్న కూర్చున్న కుర్చీలో కూర్చుంది. ఆ బటన్ మీద వేలు ఆనించి, తెర వైపు చూడకుండా, భర్త నోటివైపే చూస్తోంది.

ఈలన్న మెట్లు దిగాడు. వీధి సగం దాటాక, కిటికీలోంచి యార్డంతా వినబడేంత గట్టిగా కేక వచ్చింది.

"సరే!"