మోకాళ్ల గుర్తులు

మా ఊళ్లో చచ్చినవాళ్లకి కూడా గడువుంటుంది. సమాధి స్థలం ఎవరి సొంతమూ కాదు, చర్చి కొన్నేళ్లకని ఇస్తుంది. గడువు తీరబోతుంటే, సమాధుల తోట చూసుకునే ఎగోన్ వచ్చి అక్కడొక చిన్న తెల్ల పలక గుచ్చిపోతాడు. ఆఫీసులో కలవమని. ఇంటివాళ్లు ఇంకొన్నాళ్లు కావాలంటే ఉంచుతారు. వద్దంటే రాయి పీకి కంకర కొట్టించి, నేల చదును చేసి గడ్డి వేస్తారు. మా జట్లాండ్ వైపు దీనికెవరూ గుండెలు బాదుకోరు.

ఆ ఏడు మార్చిలో పలక యెప్పె సమాధి మీద పడింది.

యెప్పె అంటే మా అక్క సిగ్నెని చంపినవాడు. ఇది అమ్మ మాట. పోలీసుల మాటలో అయితే, డాన్సు నుంచి తిరిగొస్తూ తాగి కారు నడిపి చెట్టుకి గుద్దిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు. పక్క సీట్లో పదిహేడేళ్ల సిగ్నె. ఇద్దరూ అక్కడికక్కడే పోయారు. నాకప్పుడు ఆరేళ్లు. ఒకే వారంలో రెండు పెట్టెలొచ్చేసరికి, ఖాళీగా ఉన్న వరసలో పక్కపక్కనే పూడ్చేశారు. మధ్యలో మోకాలెత్తు కంచె మొక్కలు. సిగ్నె స్థలానికి అమ్మ ముందే గడువు పెంచుకుంది. ఆ ఆలోచన ఏ మహానుభావుడిదో తెలీదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఇంత ఘోరమైన డిజైన్ మళ్లీ ఎక్కడా చూడలేదు.

అమ్మ పేరు ఇంగెర్లీస్. ప్రతి శనివారం తోటకి వెళ్లేది. సమాధి చుట్టూ పరిచిన సన్న గులకని ఇనుప పళ్ల దంతెతో లాగి, దువ్విన జుట్టులా గీతలు తీసేది. గీతలు తీశాక ఎవరు అడుగు పెట్టినా గుర్తు పడుతుంది, అదే దాని అందం. ఏరిన కలుపూ నత్తలూ మాత్రం కంచె అవతలికి విసిరేది. యెప్పె వాళ్లమ్మ ఎల్నా గురువారం వచ్చి, ఆ నత్తల్ని ఏరుకుని బుట్టలో వేసుకుని పోయేది. ఒక్కసారి కూడా ఇవతలికి తిరిగి వెయ్యలేదు. "ఇన్నేళ్లలో ఇక్కడ పడుకున్నవాళ్లెవరూ పేచీ పెట్టలేదు, పెట్టేది మీ అమ్మే," అనేవాడు ఎగోన్ నాతో.

ఎల్నా బతుకూ బతుకు కాదు. ఊళ్లో రొట్టెల కొట్టుకెళ్తే మాటలాగిపోయేవి. అందుకని రొట్టె పక్క ఊళ్లో కొనుక్కునేది.

పలక పడ్డ వారానికి ఎల్నా మా ఇంటికొచ్చింది. ఎప్పుడూ మా గడప తొక్కని మనిషి. నేను ఉద్యోగం చేసే ఓర్హుస్ నుంచి సెలవుకి వచ్చి ఉన్నాను. తలుపు తీసి, లోపలికి రమ్మనాలో వద్దో తెలీక అమ్మ వైపు చూశాను. అమ్మ కాఫీ పెట్టింది. కప్పు పింగాణీది, మంచిదే.

ఎల్నా తను చెప్పదల్చుకున్నది దారంతా మననం చేసుకొచ్చినట్టుగా చెప్పింది. యెప్పె స్థలం వదిలేస్తోందట. ఓల్బోర్గ్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతోందట. పాస్టరమ్మ నడిపే దుఃఖితుల గుంపులో రెండేళ్లు కూర్చుందట, అక్కడ వాళ్లంతా కలిసి దీనికొక ముగింపు కావాలన్నారట. నేల చదునైన రోజు ఒక్కసారి వచ్చి, గడ్డి మీద నిలబడి, వెళ్లిపోతుందట. అంతే.

"నువ్వు వేరేవాళ్ల నోటి నుంచి వినకూడదని వచ్చాను," అంది. "నీకూ కాస్త తెరిపిగా ఉంటుంది ఇంగెర్లీస్. ఇక ఆ రాయి చూడక్కర్లేదు."

అమ్మ ఆవిడ కప్పు మళ్లీ నింపింది. వెళ్లేటప్పుడు ఎల్నాకి కోటు అందించింది. ఆ కోటు అందించడం చూసి నేను కరిగిపోయాను. తెలివితక్కువదాన్ని.

మర్నాడు అమ్మ నన్ను ఎగోన్ దగ్గరికి పంపింది. ఆ స్థలం ఇంకెవరైనా తీసుకోవచ్చా అని కనుక్కోమంది. ఎగోన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఎల్నా వదులుకుంటూ సంతకం పెట్టేసింది కాబట్టి స్థలమూ రాయీ ఇప్పుడు చర్చివేనని, అడిగినవాళ్లకి ఇవ్వొచ్చని, కాకపోతే పరాయివాడి సమాధి అడిగినవాళ్లని తన సర్వీసులో చూళ్లేదని చెప్పాడు. దరఖాస్తు ఇప్పుడంతా ఆన్‌లైనే. అమ్మకి కంప్యూటర్ అంటే దయ్యం. నా ఫోన్‌లో, నా పేరు మీద, వంటింటి బల్ల దగ్గర కూర్చుని రెండు నిమిషాల్లో కానిచ్చేశాను. ఎందుకని అడిగితే, "పాపం, పసివాడు," అంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాకేం, పాస్టరమ్మకీ తిరిగాయి. ఎల్నాకి మాత్రం చెప్పొద్దని, తనే చెప్తానని అమ్మ మాట తీసుకుంది కాబట్టి, పాస్టరమ్మ ఆదివారం ప్రసంగంలో పేర్లు లేకుండా చెప్పింది. శత్రువు బిడ్డ సమాధిని తన బిడ్డ సమాధిలా చూసుకునే ఒక తల్లి గురించి. ఊళ్లో పేర్లు లేకపోతే మాత్రం ఎవరికి తెలీదు? జనం వచ్చి అమ్మ చెయ్యి పట్టుకున్నారు. అమ్మ తల వంచుకుని నిలబడింది, మెచ్చుకుంటే సిగ్గుపడే మనిషిలా.

ఈలోపే ఓల్బోర్గ్ వెళ్లిపోయిన ఎల్నా అక్టోబరులో వచ్చింది. కోతకొచ్చిన గడ్డి చూద్దామనే అనుకుని ఉంటుంది. ఆ శనివారం అమ్మా నేనూ చలికాలానికి సమాధుల మీద దేవదారు కొమ్మలు పరుస్తున్నాం. అందరూ చేసేదే, కానీ అమ్మ రెండు సమాధుల మీదా ఒకే తీరుగా, చేప పొలుసుల్లా, ఒక్క సందు లేకుండా పరిచింది. ఎల్నా కంచె పక్కన వచ్చి నిలబడింది. చేతిలో పూలు కూడా లేవు. గడ్డికి పూలెందుకు?

చాలాసేపు రాయినే చూసింది. తర్వాత వంగి కింది భాగం వేలితో తడిమింది. అక్కడ ముదురు రాయి మీద అరచెయ్యంత మేర తెల్లగా, నున్నగా ఉంది. నేనూ అప్పుడే చూశాను.

"ఇక్కడ రాయించింది ఏదీ?" అంది ఎల్నా.

అక్కడ 'హాయిగా నిద్రపో, నాన్నా' అని ఉండేది.

"అరగదీయించాను," అంది అమ్మ, కొమ్మ సర్దుతూ. "సిగ్నె అక్షరాలకి బంగారు రంగు వెయ్యడానికి మనిషొచ్చాడు. పనిలో పని."

"చదును చేస్తామన్నారు నాతో."

"నువ్వు వదిలేశావు, మేం తీసుకున్నాం."

"వాడి పేరు వింటేనే నీకు పడదు కదా. వాడితో నీకేం పని?"

అమ్మ మోకాళ్ల మీద నుంచి లేవకుండానే తలెత్తింది. ఆ ముఖంలో కోపం లేదు. పెళ్లివారికి భోజనాల సంగతి చెప్తున్నట్టు నెమ్మదిగా చెప్పింది.

"నీకు ముగిసిపోయిందటగా. మంచిదే. నాకు ముగియలేదు. రేపు నేనిక్కడ కూర్చుని ఎవర్ని తిట్టుకోను? గడ్డినా?"

ఎల్నా నా వైపు చూసింది. నేను కొమ్మల బుట్ట వైపు చూశాను.

"దిగులు పడకు," అంది అమ్మ మళ్లీ. "నువ్వు రాకపోయినా ఏం కాదు. వాణ్ని నేను చూసుకుంటాలే."

ఆ ఒక్క ముక్కతో పనైపోయింది. పరాయి చేతుల్లో బిడ్డని వదిలి ఏ తల్లి ఊరుకుంటుంది, అందులోనూ ఆ చేతుల్లో? మరుసటి గురువారమే ఓల్బోర్గ్ నుంచి బస్సెక్కి వచ్చింది. ఆ తర్వాతి గురువారం కూడా. అమ్మ శనివారం వెళ్లేసరికి యెప్పె గులకలో, దువ్విన గీతల మధ్య, రెండు గుంటలుండేవి. మోకాళ్ల గుర్తులు. అమ్మ వాటిని కాసేపు చూసి, దంతెతో మెల్లగా చెరిపి, వచ్చే వారానికి నున్నగా చేసి పెట్టేది.

నవంబరులో ఓ గురువారం నేను ఊళ్లో బస్సు దిగుతుంటే, అదే బస్సు ఎక్కడానికి ఎల్నా నిలబడి ఉంది. మోకాళ్ల దగ్గర తడి. బస్సు కదలడానికింకా టైముంది. నన్ను పక్కకి పిలిచింది.

"కాగితాలు నీ పేరు మీద ఉన్నాయని ఎగోన్ అన్నాడు. నిజమేనా తల్లీ?"

నిజమేనన్నాను.

"అయితే నువ్వు వద్దంటే చాలు కదా. నాకు డెబ్బై దాటాయి. వాణ్ని ఆమెకి వదిలేసి ఇంట్లో ఉండలేను, ఇలా తిరుగుతూ బతకలేను. చదును చేయించు. నీకు దణ్ణం పెడతాను."

చేయిస్తానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అది అబద్ధం కాదు.

నాకు పద్దెనిమిది నిండిన రోజున అమ్మ కేకు కోసి పెట్టి, "ఇవాళ్టితో దానికంటే పెద్దదానివయ్యావు," అంది, నేనేదో దొంగిలించినట్టు. ఏ గౌను తొడుక్కున్నా అది సిగ్నెకి ఇంకా బాగుండేదే. కారు నేర్చుకోనివ్వలేదు. ఓర్హుస్ వెళ్లాక, ప్రతి శనివారం తోట నుంచి ఫోన్ వచ్చేది. మూడో రింగుకి ఎత్తకపోతే నేను చచ్చానని ఏడ్చేది. ఎత్తితే, బతికున్నందుకు నా మీద విసుక్కునేది. ముప్పై ఏళ్లొచ్చేదాకా నాకు శనివారం అనేది లేదు.

ఎల్నాకి మాటిచ్చిన రెండో రోజు శనివారం. వెనక్కి ఓర్హుస్ వచ్చేశాను. చర్చి సైటు తెరిచాను. 'ఈ స్థలం వదులుకుంటున్నాను' అనే మీట కిందే ఉంది, నీలం రంగులో. మంచి డిజైన్, ఒక్క నొక్కు. వేలు దాని మీదుండగానే అమ్మ ఫోన్.

"ఈసారి గుంటలు లోతుగా ఉన్నాయే," అంది. గొంతులో ఎప్పుడూ లేని ఉషారు. "బాగా ఎక్కువసేపే కూర్చున్నట్టుంది." సూప్ కాచుకున్నానంది, రెండు గిన్నెలు తాగానంది. ఆ తర్వాత, నేను పుట్టాక మొదటిసారి అంది: "సరే, నీతో నాకేం పని. శనివారం పూట ఇంట్లో ఏం కూర్చుంటావు, ఎటన్నా తిరిగిరా, పో."

ఫోన్ పెట్టేసి సైటు మూసేశాను. డ్రైవింగ్ స్కూల్లో పేరిచ్చాను. చర్చి సైటు మళ్లీ తెరవలేదు.

రెండు వారాల తర్వాత ఎల్నా ఫోన్ చేసింది. సైటు పనిచెయ్యట్లేదని చెప్పాను. ఏదో పెద్ద తప్పే ఉందని, వాళ్లు బాగు చెయ్యగానే చూస్తానని, ఇలాంటివాటికి ఒక్కోసారి చాలా టైము పడుతుందని చెప్పాను. ఆ తప్పులు పట్టడమే నా ఉద్యోగమని ఆవిడకి తెలుసు. నమ్మింది.

"నీ పనిలో నువ్వు ఉంటావు, తొందరేం లేదు తల్లీ," అంది. "గురువారం ఎలాగూ వస్తాగా."