చీటీలో చివరి మందు

"మళ్ళీ ఆసుపత్రికా? పిల్లాడు తుమ్మితే చాలు, నీకు ఊపిరాగిపోతుంది," అన్నాడు మొగుడు అద్దంలో తల దువ్వుకుంటూ. అత్తగారు వంటింట్లోంచే అందుకుంది. "నలుగుర్ని పెంచాను. ఒక్కడికీ థర్మామీటరు మొహం చూపించలేదు."

ఆమె అంట్లు తోమి, బట్టలు ఆరేసి, పిల్లవాణ్ణి భుజాన వేసుకుని, మూడు మందుల చీటీలు కొంగున ముడేసుకుని బయటపడింది.

పదిహేను రోజులుగా పిల్లవాడి గుండెల్లో పిల్లికూతలు. మూడుసార్లు చూపించినా తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో నిన్నే తెలిసొచ్చింది. ఏడో తరగతితో ఆగిన చదువే అయినా, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలదు. ప్రతి చీటీలోనూ అడుగున ఒక మందుంది: ఆంక్సియస్. పక్కన రెండు ప్లస్ గుర్తులు. పొద్దునొకటి, సాయంత్రమొకటి కాబోలు. మూడో చీటీకి ప్లస్‌లు మూడయ్యాయి. మోతాదు పెంచారన్నమాట! షాపువాడు మాత్రం ఆ మందు ఒక్కసారీ ఇవ్వలేదు. అసలు మందే పడకపోతే జబ్బెలా కదులుతుంది? వాడు ఇవ్వకపోతే తనేం చేస్తోంది, గుడ్లప్పగించి చూస్తూ? పాపమంతా తనదే.

ఆసుపత్రిలో ఆ రోజు డాక్టర్ల దినోత్సవం. రోగుల్ని చూసే గదికి తాళం. వరండాలో కుర్చీలు, మైకు, బెలూన్లు. నర్సమ్మ ఎదురొచ్చింది.

"సమయానికొచ్చావు తల్లీ! చంటిబిడ్డతో ఫొటో బాగుంటుంది. ఈ గులాబీ ఇచ్చి, డాక్టరుగారు దేవుడని ఒక్క ముక్క చెప్పు."

"ముందు బాబును చూడమనండమ్మా. డొక్కలెగరేస్తున్నాడు."

"చెప్పాక చూస్తార్లే."

మైకు ముందు నిలబడింది. దేవుడన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. కొంగుముడి విప్పింది.

"డాక్టరుగారూ, మీరు రాసిన మందొకటి షాపులో ఇవ్వలేదండీ. ఆంక్సియస్, మూడు ప్లస్‌లు. అది పడితే తగ్గుతుంది కదండీ?"

వరండా అంతా గొల్లున నవ్వింది. డాక్టరు కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వాడు. నర్సమ్మ మైకు లాక్కుంది.

"పిచ్చిదానా, అది మందు కాదే! తల్లికి కంగారెక్కువ అని ఇంగ్లీషులో రాశారు, ఎన్ని ప్లస్‌లుంటే అంత కంగారు. నీ గురించే!"

చప్పట్లు. ఫొటో. డాక్టరు బిడ్డ బుగ్గ గిల్లి, "ఏం లేదమ్మా, నువ్వు ధైర్యంగా ఉండు," అని భోజనానికి వెళ్ళిపోయాడు.

ఆమె బల్లమీద కూలబడింది. ఇంటికెళితే మొగుడికేం చెప్పాలి? నువ్వన్న మాటే డాక్టరుగారు కూడా రాశారని చెప్పాలా? జబ్బు బిడ్డది. మూడుసార్లూ చీటీకెక్కింది తను. ఇప్పుడు ఏడ్చినా నాలుగో ప్లస్సే. ఏడవకుండా బిడ్డ చొక్కా ఎత్తి, పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్న ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

కుర్చీలు ఎత్తేస్తూ నర్సమ్మ అంది, "ఇవాళ ఇంకెవర్నీ చూడరమ్మా. రేపు రా."

"ఇక్కడే ఉంటానమ్మా," అంది ఆమె, చేతిలోని గులాబీ తిరిగిచ్చేస్తూ. "డాక్టరుగారొచ్చాక ఇంకో ప్లస్ పెట్టుకోమనండి. కానీ ఈసారి బిడ్డను చూసి పెట్టమనండి."